పిల్లాడి బరువుకి మెదడు స్కాన్ తీయించాలా?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, పటమట. మా బాబుకి 10 ఏళ్లు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015 చార్టు ప్రకారం వాడి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) ఊబకాయం గీత దాటింది. థైరాయిడ్ నార్మలే. ఎత్తు బాగానే పెరుగుతున్నాడు. తలనొప్పి, చూపు మసకబారడం లాంటివి లేవు. మా అత్తయ్యగారైతే "ఒళ్లు చేస్తే నీకేం నొప్పి?" అంటారు, అది వేరే కథ.

తెలిసినాయన ఒకరు, ఫంక్షనల్ ఎంఆర్ఐ (మెదడు పనిచేసే తీరు చూపే స్కాన్) తీయిస్తే ఆకలి ఎక్కడ అదుపు తప్పుతోందో తేలిపోతుందని పట్టుబడుతున్నారు. నేను చదివినంతలో, దాన్లో రేడియేషన్ ఉండదు. తిండి బొమ్మలు చూపిస్తూ మెదడులో ఎక్కడెక్కడ రక్తంలో ఆక్సిజన్ మారుతోందో కొలుస్తారు. ఊబకాయం ఉన్న పిల్లల్లో స్ట్రయేటమ్ (తిండి ఇచ్చే తృప్తికి స్పందించే మెదడు భాగం) లాంటి చోట్ల తేడాలు కనిపించాయని పరిశోధనలున్నాయి. కానీ అవి చాలామంది పిల్లల సగటులు కదా? మా ఒక్కడి స్కాన్ చూసి వైద్యం మారుస్తారంటే నాకైతే నమ్మకం కుదరడం లేదు. పైగా తల కదపకుండా పడుకోవాలట. మావాడు అన్నం దగ్గరే కుదురుగా కూర్చోడు!

మెదడులో ఆకలిని అదుపుచేసే హైపోథాలమస్‌లో గడ్డ ఉంటే బరువు పెరుగుతుందనీ, ఆ అనుమానం ఉంటే మామూలు ఎంఆర్ఐ తీయాలనీ తెలుసు. ఏ లక్షణమూ లేకపోయినా రాస్తారా? ఆకలికి సంబంధించిన లెప్టిన్, ఎంసీ4ఆర్ జన్యువుల పరీక్షలు పసితనం నుంచీ తీరని ఆకలి ఉన్నవాళ్లకే అంటారు. మావాడికి బడిలో చేరాకే మొదలైంది. ఇక్కడగానీ గుంటూరులోగానీ పిల్లల ఎండోక్రైనాలజిస్టుకి (హార్మోన్ల డాక్టరుకి) చూపించినవాళ్లుంటే, ముందు ఏ పరీక్షలు రాశారో చెప్పండి. రేడియాలజీ వాళ్లెవరైనా ఉంటే ఇంకా మంచిది.