మొక్కజొన్న ఎగుడుదిగుడుగా మొలుస్తోంది: ప్లాంటర్ మార్చాలా, ఉన్నదాన్ని సరిచేయాలా?

రేగడి రైతు:
రబీ మొక్కజొన్న విత్తే రోజులు దగ్గరపడ్డాయి. మా ఊళ్లో ఇప్పుడు ఎవరిని కదిపినా ఒకటే మాట. గుంటలున్న వాలు ప్లేటు తిరుగుతూ గింజలు వదిలే ఇంక్లైన్డ్ ప్లేట్ ప్లాంటర్‌తో మొలక సమంగా రావడం లేదట, గాలి పీల్పుతో గింజను పట్టే న్యూమాటిక్ ప్లాంటర్ కొనాలట. నలుగురు కలిసి అప్పు చేయడానికి సిద్ధమయ్యారు. నేను దీన్ని ఒప్పుకోను.

సాలులో ఖాళీలు, జంట మొక్కలు రావడం ఒక లోపం. పక్కపక్క మొక్కలు వేర్వేరు రోజుల్లో మొలవడం మరో లోపం. న్యూమాటిక్ యంత్రం మొదటిదాన్ని బాగా తగ్గిస్తుంది, కాదనను. నష్టం ఎక్కువగా చేసేది మాత్రం రెండోది. మొక్కజొన్న గింజ మొలకెత్తాలంటే తన బరువులో దాదాపు 30 శాతం నీరు పీల్చుకోవాలి. ఒక గింజ 5 సెంటీమీటర్ల లోతున పదునులో, పక్క గింజ 2 సెంటీమీటర్ల లోతున పొడి మట్టిలో పడితే, వాటి మధ్య దూరం సరిగ్గా 20 సెంటీమీటర్లు ఉండి ఏం లాభం? వెనుకబడిన మొక్క మిగతావాటి నీడలో పడి నీరూ ఎరువూ తింటుంది, కంకి మాత్రం చిన్నదే వేస్తుంది. ఖాళీ ఉన్నచోట పక్క మొక్కలు ఆ వెలుతురును వాడుకుని కొంతైనా పూడుస్తాయి. అమెరికాలోని ఇల్లినాయ్, విస్కాన్సిన్‌లలో చేసి 1991లో ప్రచురించిన ప్రయోగాల్లో, కొన్ని మొక్కలు పది పన్నెండు రోజులు ఆలస్యంగా మొలిచిన చోట దిగుబడి 6 నుంచి 9 శాతం తగ్గింది.

కాబట్టి అప్పు చేసే ముందు ఉన్న యంత్రాన్ని సరిచేయండి అంటున్నాను.

ఖమ్మం మక్క:
రేగడి రైతు గారూ, నేను న్యూమాటిక్ వాడుతున్నవాణ్ని. మీరు రెండు లోపాలను విడదీశారు, యంత్రంలో అవి విడివిడిగా లేవు. మా వైపు అద్దెకు తిరిగే ప్లేటు ప్లాంటర్లలో చాలావాటికి గాడి చీల్చే నాగళ్లు నేరుగా ఫ్రేముకే బిగించి ఉంటాయి. నేల ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం అయితే ఫ్రేము మొత్తం లేస్తుంది, మొత్తం దిగుతుంది. నా యంత్రంలో ప్రతి సాలుకూ విడి యూనిట్, దానికి సొంత లోతు చక్రం, వెనుక మట్టి అదిమే చక్రం ఉన్నాయి. ఏ సాలు లోతు ఆ సాలుదే.

ఇంకో సంగతి. ఒకే సంచిలో గుండ్రటి గింజా చదును గింజా కలిసి వస్తున్నాయి. ప్లేటు గుంట ఒక కొలతకే సరిపోతుంది. హైబ్రిడ్ విత్తనం ధర తెలిసి కూడా జంటలు పడుతుంటే చూస్తూ ఊరుకోవాలా?

రేగడి రైతు:
విడి యూనిట్ల మాట నిజం, మీ వాదనలో బలం అక్కడే ఉంది. అయితే లోతును కాపాడుతున్నది ఆ యూనిట్, గాలి పీల్పు కాదు. నాగళ్లు బిగుసుకుపోయి ఉండే న్యూమాటిక్ కొంటే ఆ లాభం రాదు. మా నలుగురికీ ఇదే చెబుతున్నాను: గాలి పీల్చే ఫ్యానును చూసి డబ్బు కట్టకండి, ప్రతి సాలూ విడిగా పైకీ కిందికీ ఆడుతుందో లేదో చేత్తో ఎత్తి చూడండి.

వర్క్‌షాపు పక్క ఇల్లు:
ప్లాంటర్ల మరమ్మతు నా పని. సీజన్ మొదలైన రోజు యంత్రాన్ని షెడ్డులోంచి నేరుగా చేనుకు తీసుకెళ్లేవాళ్లే ఎక్కువ. కిందటేడాది విత్తనం, ఎరువు పెట్టెలోనే గడ్డకట్టి ఉంటాయి.

ముందు సమతలమైన చోట ట్రాక్టరుకు తగిలించి చూడండి. రెండు వెనుక టైర్లలో గాలి సమానంగా ఉండాలి. పక్కవాటుగా ఫ్రేము ఒరిగితే ఒక చివర సాలు లోతుగా, రెండో చివర సాలు పైపైన పడుతుంది. యంత్రాన్ని పైన ట్రాక్టరుకు కలిపే టాప్ లింక్ పొడవు మారితే నాగలి కోణం మారుతుంది, లోతూ మారుతుంది.

తర్వాత లెక్క. నేల మీద దొర్లుతూ ప్లేటును తిప్పే నేల చక్రం వ్యాసం 50 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక చుట్టుకు 157 సెంటీమీటర్లు నడుస్తుంది. 20 సెంటీమీటర్లకు ఒక గింజ పడాలంటే చుట్టుకు దాదాపు 8 గింజలు రావాలి. ప్లేటుకు 24 గుంటలుంటే చక్రం మూడు చుట్లు తిరిగేసరికి ప్లేటు ఒక చుట్టు తిరగాలి. పళ్ల చక్రాలను ఆ లెక్కకు మార్చుకోవాలి. యంత్రాన్ని ఎత్తి నిలబెట్టి, ఒక్కో గొట్టం కింద సంచి కట్టి, నేల చక్రాన్ని చేత్తో పది చుట్లు తిప్పండి. ఒక్కో సంచిలో 80కి అటూఇటూ రావాలి. ఒక సంచిలో 60 వస్తే ఆ ప్లేటు అరిగింది, లేదా గింజకు ఆ గుంట సరిపోవడం లేదు.

చేలో నేల చక్రం పదో వంతు జారినా 20 కాస్తా 22 అవుతుంది. చక్రం పళ్లకు మట్టి పట్టుకుంటే ఇంకా జారుతుంది.

కత్తెర పురుగు భయంతో ఇంటి దగ్గర విత్తన శుద్ధి చేసి తడి ఆరకముందే పెట్టెలో పోస్తున్నారు. గింజలు ఒకదానికొకటి అంటుకుని గుంటలోకి జారవు. నీడలో పూర్తిగా ఆరనివ్వండి.

చివరగా, ట్రాక్టరు చక్రాల జాడలో పడే సాళ్లను విడిగా తవ్వి చూడండి. అక్కడ నేల గట్టిపడి నాగలి లోతుకు దిగదు. ఆ సాళ్లు వెనుకబడితే విత్తనం సంచి మీద నింద వేస్తారు. జాడను కదిలించడానికి యంత్రం ముందు భాగాన మట్టిని గీసే ఒక ఇనుప పన్ను బిగిస్తే సరిపోతుంది.

న్యూమాటిక్ ఉన్నవాళ్లకూ ఒక మాట. ఫ్యానును తిప్పే ట్రాక్టరు షాఫ్టు (పీటీఓ) వేగం తగ్గితే పీల్పు తగ్గి గింజలు జారిపోతాయి. పైపు పగిలినా, సీలు అరిగినా అంతే. అది కూడా సెట్టింగు అడిగే యంత్రమే.

డెల్టా మాగాణి:
మీరంతా దుక్కి చేసిన నేల గురించి మాట్లాడుతున్నారు. తెనాలి వైపు మేము వరి కోశాక దున్నకుండానే మొక్కజొన్న పెడతాం. తడి బంకమట్టిలో ఏ ప్లాంటర్ నడిపినా నాగలి చీల్చిన గాడి అంచులు నున్నగా అయిపోతాయి. మట్టి గింజ మీద పడదు. నాలుగు రోజుల ఎండకు గాడి నోరు తెరుచుకుంటుంది, గింజ పైకి కనిపిస్తుంది, పిట్టలు వాలతాయి. అందుకే మా దగ్గర ఇప్పటికీ కూలీలు గుంత చేసి చేత్తో పెట్టడమే నమ్మకం. కూలి ఖర్చు భరించలేని స్థాయికి వచ్చింది, నిజమే. కానీ మట్టి కప్పలేని యంత్రం తక్కువ ఖర్చని ఎలా అనగలం?

వర్క్‌షాపు పక్క ఇల్లు:
డెల్టా మాగాణి గారు చెప్పింది ముఖ్యం. ఆ నేలలో నాగలి బదులు గాడి కోసే రెండు గుండ్రటి బిళ్లలు (డబుల్ డిస్క్) ఉన్నది, వెనుక గాడిని రెండు వైపుల నుంచీ మూసే చక్రాలున్నది వాడి చూడండి. అదీ పదునుకు వచ్చాకే. మట్టిని ఉండ చేసి వేలితో నొక్కితే విరగాలి, సాగితే ఆగాలి.

ట్రాక్టరు ఓనర్:
నేను ఎకరాల లెక్కన డబ్బు తీసుకుని విత్తుతాను. డ్రైవర్లు పరుగులు పెట్టిస్తారని అందరూ అంటారు. పదును నాలుగు రోజులు ఉంటుంది, ఇరవై మంది రైతులూ ఆ నాలుగు రోజుల్లోనే రమ్మంటారు. నెమ్మదిగా నడిపితే చివరి రైతు చేను ఆరిపోతుంది, అతని మొలక పాడవుతుంది. అతనికి ఎవరు జవాబు చెప్పాలి?

రేగడి రైతు:
మీ ఇబ్బంది నిజమైనదే. అందుకే ఎకరం లెక్క మాని గంట లెక్కన ఇవ్వాలని మా ఊళ్లో పట్టుబడుతున్నాను. ప్లేటు యంత్రం గంటకు 4 కిలోమీటర్లు దాటితే గుంటలు నిండవు, గింజ గాడిలో ఎగిరి పడుతుంది. కొలవడం తేలిక: 20 మీటర్లు నడవడానికి 18 సెకన్లు పట్టాలి. 12 సెకన్లలో దాటితే వేగం 6 అయినట్టు. ఆ తేడా కోసం రైతు గంటకు మరికొంత ఇవ్వడానికి వెనకాడకూడదు.

ఖమ్మం మక్క:
వేగం తగ్గించి, ప్లేట్లు మార్చి, జాడకు పన్ను బిగించి చూడండి. ఆ తర్వాత కూడా ఆలస్యపు మొక్కలు వస్తే అప్పుడు యంత్రం మారుస్తారా?

రేగడి రైతు:
మారుస్తాను, కానీ ఆలస్యపు మొక్కను తవ్వి చూశాకే. గింజ దగ్గర నుంచి ఆకుపచ్చ మొదలయ్యే చోటి వరకు ఉన్న తెల్లటి భాగాన్ని కొలిస్తే ఎంత లోతున పడిందో తెలుస్తుంది. పక్కన ముందు మొలిచిన మొక్కనూ అలాగే కొలవాలి. లోతు తేడా ఉంటే మీ విడి యూనిట్ల వాదన గెలిచినట్టు. రెండూ ఒకే లోతులో ఉండి, వెనుకబడినదాని మీద మట్టి పెడ్డ కనిపిస్తే దుక్కి సరిచేయాలి, దానికి ఏ ప్లాంటరూ మందు కాదు.

ఖమ్మం మక్క:
సరే. మొలిచిన మొదటి రోజు నుంచీ ఏ రోజు మొక్కకు ఆ రోజు రంగు పుల్ల గుచ్చండి, చక్రాల జాడ సాళ్లను విడిగా రాయండి. కోతప్పుడు మొక్కలు లెక్కపెట్టి ఆపకండి, ఆలస్యపు మొక్కల కంకులను వేరుగా తూచండి. ఆ తూకాలు ఇక్కడ పెడితే అప్పు సంగతి అప్పుడు మాట్లాడదాం.