లివర్ క్యాన్సర్‌కు డెండ్రిటిక్ సెల్ వ్యాక్సిన్: డబ్బు కట్టి వేయించుకోవచ్చా?

గుంటూరు అబ్బాయి: మా బాబాయికి హెపటైటిస్ బి వల్ల లివర్ క్యాన్సర్ వచ్చింది. ఆయన రక్తకణాలతోనే వ్యాక్సిన్ తయారుచేస్తామని ఒక క్లినిక్ వాళ్లు అంటున్నారు. లక్షల్లో ఖర్చు. పిన్ని నగలు అమ్ముదామంటోంది. వేయించమంటారా?

కణాల ల్యాబ్: వద్దండి. నేను ఇమ్యునాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను, డెండ్రిటిక్ కణాలంటే నాకు ప్రాణం. రక్తంలోంచి మోనోసైట్లు అనే తెల్లరక్తకణాలు వేరుచేసి వారం పాటు పెంచితే ఒంటినిండా కొమ్మలేసుకుని ఈ కణాలుగా మారతాయి. వాటికి గడ్డ తాలూకు ప్రోటీన్లు చూపించి తిరిగి ఎక్కిస్తే, క్యాన్సర్‌ను ఎలా గుర్తుపట్టాలో టి కణాలకు, అంటే జబ్బు కణాలను వెతికి చంపే తెల్లరక్తకణాలకు, నేర్పుతాయి. ఇంతవరకూ మంచి సైన్సే. చిక్కంతా లివర్‌తోనే. పేగుల నుంచి వచ్చే రక్తంలో తిండివీ బ్యాక్టీరియావీ సవాలక్ష పదార్థాలుంటాయి, వాటన్నిటి మీదా విరుచుకుపడకుండా ఓర్చుకోవడం లివర్‌కు అలవాటు. గడ్డ ఆ ఓర్పు చాటునే పెరుగుతుంది. టి కణాలు అక్కడిదాకా చేరినా చల్లబడిపోతాయి. బ్రిటన్‌లో జబ్బు ముదిరిన 35 మందికి ఈ వ్యాక్సిన్ ఇచ్చి 2009లో ఫలితాలు ప్రచురించారు. పెద్దగా హాని జరగలేదు, కానీ కనీసం మూడు డోసులు అందిన 25 మందిలో జబ్బు అదుపులో ఉన్నది 28 శాతం మందికే.

ఓరుగల్లు: పెద్ద ట్రయల్స్ పూర్తయ్యేదాకా ఆగే టైమ్ పేషెంట్‌కు ఉండాలి కదా? మా అమ్మ విషయంలో "ఆధారాలు లేవు" అనే మాట విని విని విసిగిపోయాను. కొరియాలో 230 మంది మీద చేసిన ట్రయల్ 2015లో వచ్చింది. కణాలు ఎక్కించినవాళ్లకు 44 నెలలు, ఎక్కించనివాళ్లకు 30 నెలలు జబ్బు తిరగబెట్టలేదు. మన దేశంలోనూ 2017లో డెండ్రిటిక్ సెల్ చికిత్సకు అనుమతిచ్చారు.

కణాల ల్యాబ్: అమ్మగారి సంగతి విని బాధగా ఉందండి. కొరియా ట్రయల్ మంచిదే. కానీ అవి సీఐకే కణాలు, నేర్పేవి కావు, నేరుగా చంపేవి. పైగా ఆపరేషన్‌తోనో మరోలాగో గడ్డను అప్పటికే తీసేసినవాళ్లకు ఇచ్చారు. ఇక 2017 అనుమతి ప్రోస్టేట్, అండాశయం, పెద్దపేగు, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు. అందులో లివర్ లేదు. ఈ రెండూ కలిపేసి ఆశపెట్టేవాళ్లంటేనే నాకు కోపం. తమ్ముడూ, అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ అనే రెండు ఇంజెక్షన్లు కలిపి ఇవ్వొచ్చేమో ముందు డాక్టర్‌ను అడుగు. ముదిరిన లివర్ క్యాన్సర్‌లో పాత మందు సొరాఫెనిబ్‌తో సగం మంది 13.4 నెలలు దాటి బతికితే, ఈ జోడీతో సగం మంది 19.2 నెలలు దాటి బతికారు. రక్తస్రావం భయం ఉంటుంది కాబట్టి మొదట ఎండోస్కోపీ చేయించాలి. సెల్ వ్యాక్సినే కావాలనుకుంటే సీటీఆర్‌ఐలో (మన దేశంలో ట్రయల్స్ నమోదుచేసే ప్రభుత్వ రిజిస్ట్రీ) నమోదైన ట్రయల్ ఏదైనా ఉందేమో చూడు.

ఓరుగల్లు: ఆ ఇంజెక్షన్లూ లక్షలే. అవి కొనలేనివాళ్లు ఎక్కడికి పోవాలి?

కణాల ల్యాబ్: న్యాయమైన ప్రశ్న. సొరాఫెనిబ్ కూడా ఒకప్పుడు నెలకు 2.8 లక్షలు. 2012లో మన హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కోకు కంపల్సరీ లైసెన్సు (వేరేవాళ్ల పేటెంట్ ఉన్న మందును తయారుచేసుకోనిచ్చే ప్రభుత్వ అనుమతి) ఇచ్చాక 8,800కే దొరికింది. పోట్లాడాల్సింది అలాంటి వాటికోసం.

గుంటూరు అబ్బాయి: ఎండోస్కోపీ ఇంకా చేయలేదండి, సోమవారం అడుగుతాం. వ్యాక్సిన్ మొదలుపెట్టాక హెపటైటిస్ బి మాత్రలు ఆపేయాలని క్లినిక్‌లో అన్నారు, ఆపొచ్చా?

కణాల ల్యాబ్: అస్సలు వద్దు! అవి ఆపితే వైరస్ ఒక్కసారిగా తిరగబడి ఉన్న లివర్ కూడా దెబ్బతింటుంది. ఈ రాత్రి మాత్ర వేసుకున్నారో లేదో ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కో.