పెళ్లయ్యాక పెళ్లిచూపులా? యాదాద్రి థర్మల్ ప్లాంటు మీద పంచాయితీ

వాడపల్లి సంగమం:
నల్గొండ జిల్లా దామరచర్ల దగ్గరి యాదాద్రి ప్లాంటుకు 2015లో శంకుస్థాపన, 2017లో పర్యావరణ అనుమతి. ఆ అనుమతిని 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ పక్కనపెట్టి అధ్యయనాలు మళ్లీ చేయమంది. సగం విదేశీ బొగ్గు కలుపుతామని అనుమతి తీసుకుని, తర్వాత మొత్తం దేశీ బొగ్గు అన్నారు మరి. మన బొగ్గులో బూడిద ఎక్కువ. 2024 ఫిబ్రవరిలో ప్లాంటు ఉన్న వీర్లపాలెంలో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టేసరికి చిమ్నీలు లేచి నిలబడ్డాయి. పిల్లలు పుట్టాక పెళ్లిచూపులు పెడితే పిల్ల నచ్చలేదని ఎవడంటాడు?

కట్టింది బీఆర్ఎస్. తప్పుపట్టిన కాంగ్రెస్ అధికారంలోకి వచ్చి 2024లో విచారణ కమిషన్ వేసింది, అదే డిసెంబరులో 800 మెగావాట్ల యూనిట్‌ను అంకితమూ చేసింది. ఇది ఏ నీతి?

ఎడమకాల్వ రైతు:
అన్నా, మాది సాగర్ ఎడమకాల్వ చివరి ఊరు. నీళ్లు రాని ఏడాది బోరే దిక్కు. వేల కోట్లు పెట్టి కట్టిన 4000 మెగావాట్ల ప్లాంటును ఆపితే అప్పు ఎవరు కడతరు? టెండర్ లేకుండా నామినేషన్ మీద బీహెచ్ఈఎల్‌కు పని ఎందుకిచ్చారో అడగాల్సిందే. దానికి నా మోటారెందుకు ఆగాలె?

హాలియా పోరడు:
ఆ కమిషన్ ముచ్చట కూడా చూసినం. జడ్జి ప్రెస్‌మీట్ పెట్టిండని పంచాయితీ సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆయన తప్పుకుంటే ఇంకొకాయన వచ్చిండు.

పాలమూరు మాస్టారు:
రైతన్నా, మోటారు ఆపమని ఎవరూ అనట్లేదు. జనాన్ని ఎప్పుడు అడిగారన్నదే ప్రశ్న. కేంద్ర పర్యావరణ శాఖ 2006 నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి సభకు 30 రోజుల ముందు పేపర్లో నోటీసు ఇవ్వాలి, పర్యావరణం మీద ఏం ప్రభావం పడుతుందో చెప్పే రిపోర్టు సారాంశం తెలుగులో ఉండాలి, చివర్లో జనం చెప్పింది రాసి అక్కడే తెలుగులో చదివి వినిపించాలి. ఒక్క మెలిక ఉంది: ఇంతమంది రావాలన్న లెక్క లేదు. కుర్చీలు ఖాళీగా ఉన్నా సభ జరిగినట్టే.

కొన్నేళ్ల కింద ఒక కంపెనీ కోసం పెట్టిన సభకు పోయిన. పేరు వద్దులే. టెంటు ముందు బారికేడ్లు, ఆటోల్లో వేరే ఊళ్లవాళ్లు, వెనక బిర్యానీ డేగిషాలు. రిపోర్టు సారాంశం పంచారు. ఎండకు అందరూ దాంతోనే విసురుకున్నారు. నా పక్కనున్న ముసలాయన దాన్ని మడిచి కింద వేసుకుని కూర్చున్నడు. చదివినవాడు నాకు కనబడలే, నేనూ రెండు పేజీలే చదివిన. ఒక ఆడమనిషి మైకు పట్టుకుని మా చెరువు సంగతేందని అడిగేసరికి కరెంటు పోయింది. వచ్చాక మైకు ఇంకొకరి చేతిలో ఉంది. చివర్లో చదివి వినిపించిందీ లేదు, ఏం లేదు.

ఎడమకాల్వ రైతు:
అది మీరు చూసిన సభ మాస్టారూ, వీర్లపాలెం కాదు. అయినా బూడిద వృథాగా పోదు, వాడపల్లి చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు కొంటయి.

వాడపల్లి సంగమం:
కొంటే సంతోషమే. కొనని బూడిద సంగతి? పక్కనే కృష్ణ. మీ కాల్వకు నీళ్లొచ్చేదీ ఆ నది నుంచే.

ఎడమకాల్వ రైతు:
మా కాల్వ సాగర్ దగ్గర మొదలైతది అన్నా, ప్లాంటుకు చాలా పైన. కిందున్నోళ్లది వేరే బాధ, అది ఒప్పుకుంటా. ముందే అడిగి ఉండాల్సిందన్నది కూడా సరే. కానీ ఇప్పుడు ఆపొద్దు, నా మాట అదే.

వాడపల్లి సంగమం:
నిజమే, కాల్వ సంగతి తప్పు మాట్లాడిన.

హాలియా పోరడు:
మాస్టారూ, మా పక్కూరికి ఏదో కంపెనీ వస్తదంటున్నరు. నోటీసు మేం చూడలే. ఎక్కడ అడగాలె?

పాలమూరు మాస్టారు:
ముసాయిదా రిపోర్టు కలెక్టరాఫీసులో ఉండాలి, పంచాయతీ ఆఫీసులో కూడా అడుగు తమ్మీ. లేదంటే, లేదన్న ముక్క రాసిమ్మను. తేదీ వేసి, సంతకం, ముద్రతో.