నాన్న యెజ్డి మీద డీజీఆర్‌కి వెళ్లొచ్చా?

ఓరుగల్లు_250:
అందరికీ నమస్తే. మేలో హైదరాబాద్‌లో జరిగే డిస్టింగ్విష్డ్ జెంటిల్‌మన్స్ రైడ్‌కి (డీజీఆర్) మొదటిసారి పేరు ఇచ్చాను. 2012లో సిడ్నీలో మొదలైన రైడ్ ఇది. పాతకాలపు బళ్ల మీద సూటూ బూటూ వేసుకుని వెళ్తారు. వచ్చిన చందాలు ప్రొస్టేట్ క్యాన్సర్ పరిశోధనకి, మగవాళ్ల మానసిక ఆరోగ్యానికి వెళ్తాయి.

నా కారణం మా నాన్న. కరెంటు లైన్‌మన్‌గా పనిచేశారు. ఇరవయ్యేళ్లు ఊళ్లన్నీ ఈ యెజ్డి రోడ్‌కింగ్ మోటార్‌సైకిల్ మీదే తిరిగారు. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేచేవారు. అమ్మకి కూడా చెప్పలేదు, సిగ్గు. చివరికి ఆస్పత్రికి వెళ్తే ప్రొస్టేట్ క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ అయింది, ఇప్పుడు బాగున్నారు. వెనక కూర్చుని తనూ వస్తానంటున్నారు, అదీ పంచెకట్టులో!

బండి నెమ్మదిగా నడిస్తే వేడెక్కి ఆగిపోతుందేమోనని ఒక టెన్షన్. ఇంకోటి చందా. నేను ఎవరి దగ్గరా చెయ్యి చాచినవాణ్ని కాదు. ఎలా అడగాలి?

జంట_సైలెన్సర్:
తమ్ముడూ, రోడ్‌కింగ్‌ని ఎవరూ కాదనరు, నిశ్చింతగా తీసుకురా. గాలి తగిలితేనే ఆ ఇంజన్ చల్లబడుతుంది. అందుకే ఆగిన చోటల్లా ఇంజన్ ఆపెయ్యి, ఊరికే రేజ్ చెయ్యకు. ఒక కొత్త స్పార్క్ ప్లగ్, ప్లగ్ స్పానర్ జేబులో ఉంచుకో. క్లచ్ కేబుల్ పాతదాని పక్కనే కొత్తది కూడా వేసి కట్టేసుకో. తెగితే రెండు చివరలు తగిలిస్తే చాలు.

ఇంకో ముఖ్యమైన మాట. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి. ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలతో పాటు అది కూడా ఇవాళే తీసి చూడు.

పంచె సంగతికొస్తే, మన బండికి చెయిన్ కవర్ పూర్తిగా మూసి ఉంటుంది కాబట్టి అక్కడ భయం లేదు. కానీ వెనక చక్రంలోకి కుచ్చిళ్లు పోతే ఘోరం. నాన్నగారికి ప్యాంటు, పైన జోధ్‌పురి కోటు వేయించు. పంచె దిగాక ఫొటోలకి కట్టుకోవచ్చు.

చివరి_బండి:
నేను రెండుసార్లు స్వీప్‌గా వెళ్లాను, అంటే గుంపులో అందరికంటే వెనక ఉండే బండి. అందరూ ఒకే వరసలో రారు. ముందున్న బండి లేనుకి ఎడమవైపు ఉంటే మీరు కుడివైపు, రెండు సెకన్ల దూరంలో. గుంపులోపల ఓవర్‌టేక్ వద్దు. ఫొటో తీస్తున్నారని ఎవరైనా చెయ్యి ఊపినా ఠక్కున బ్రేక్ వెయ్యొద్దు, నేను చూసిన పడిపోవడాలన్నీ అలాగే జరిగాయి. నాన్నగారు వెనక ఉంటారు కాబట్టి మధ్యలో దూరకుండా నాలాంటివాళ్ల దగ్గర ఉండండి. బండి ఆగితే మేమూ ఆగుతాం. వరంగల్ నుంచి అదే తెల్లవారుజామున బయల్దేరకండి, ముందురోజే వచ్చెయ్యండి. మే ఎండ సంగతి తెలిసిందేగా, కోటు పలచటి నూలుదైతే మేలు. ఇద్దరికీ హెల్మెట్.

వార్డు_అక్క:
నేను యూరాలజీ వార్డులో నర్సుని. చెయ్యి చాచడం అనుకోకండి. మీరు పేరు ఇచ్చాక సైట్‌లో మీకో పేజీ ఉంటుంది, డబ్బు నేరుగా అక్కడికే వెళ్తుంది. అందులో నాన్నగారి సంగతి రాయండి, కానీ ముందు ఆయన్ని అడిగి. ఒక్క విషయం మాత్రం స్పష్టంగా రాయండి. రాత్రిళ్లు లేవడం చాలామందికి క్యాన్సర్ కాని ప్రొస్టేట్ గ్రంథి వాపు వల్ల కూడా వస్తుంది. అలాగే క్యాన్సర్ మొదట్లో ఏ లక్షణమూ లేకుండానే ఉండొచ్చు. అందుకే యాభై దాటినవాళ్లు పీఎస్ఏ అనే, ప్రొస్టేట్‌కి సంబంధించిన రక్తపరీక్ష గురించి డాక్టర్‌ని అడగాలి. ఇంట్లో ఎవరికైనా వచ్చి ఉంటే ఇంకా ముందే. అంటే మీరు కూడా, తమ్ముడూ.

ఓరుగల్లు_250:
అక్కా, రాత్రి భోజనాల దగ్గర నాన్నని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "రాయి. రాత్రి ఎన్నిసార్లు లేచేవాణ్నో కూడా రాయి" అన్నారు. అమ్మ ముందే అన్నారు. పేజీ పెట్టిన మర్నాడే ఆయనతో పనిచేసిన ఒకాయన ఫోన్ చేశారు. చందా గురించి కాదు, ఆ పరీక్ష పేరు మళ్లీ చెప్పమని.

ఆర్‌సీ చూశాను, గడువు వచ్చే ఏడాది దాకా ఉంది. పంచెకి మాత్రం నాన్న ఇంకా ఒప్పుకోలేదు. వెనక టైరు అరిగిపోయిందని ఆయనే పట్టుకున్నారు, ఆదివారం ఇద్దరం వెళ్లి మార్పిస్తున్నాం.