కోకో కొనుగోలు ఒప్పందంపై అనుభవజ్ఞుల సలహా కావాలి

అందరికీ నమస్కారం. కోనసీమలో కొబ్బరి తోటల్లో అంతరపంటగా కోకో పండిస్తున్న చిన్న రైతుల తరఫున అడుగుతున్నాను. ఒక బహుళజాతి చాక్లెట్ సంస్థ మొక్కలు, కొమ్మల కత్తిరింపులో శిక్షణ ఇస్తామని, అందుకు బదులుగా గింజలన్నీ తమకే అమ్మేలా ఒప్పందం చేసుకోవాలని కోరుతోంది.

ఇటువంటి సంస్థల వల్ల మేలు లేదనను. 1960ల నుంచి మన దేశంలో కోకో సాగు విస్తరించడంలో క్యాడ్‌బరీ పాత్ర పెద్దది; నీడలో పండే ఈ పంట కొబ్బరి ధర పడిపోయిన ఏళ్లలో మా కుటుంబాలను ఆదుకుంది.

భయమంతా ధర గురించే. ప్రపంచపు కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనా దేశాల నుంచే వస్తుంది గనుక, అక్కడ దిగుబడి తగ్గిన 2024లో అంతర్జాతీయ ధర టన్నుకు 10,000 డాలర్లు దాటింది. మరుసటి ఏడాది ధర దిగివచ్చినప్పుడు, కొనేవారు కొద్దిమందే కావడంతో మన రైతులు గింజలు అమ్ముకోలేక రోడ్డెక్కారు. రాష్ట్ర ప్రభుత్వం కల్పించుకోవలసి వచ్చింది.

ఇటువంటి ఒప్పందాలు చేసుకున్నవారు దయచేసి చెప్పండి: అంతర్జాతీయ ధరతో ముడిపెడుతూనే కనీస ధరకు హామీ ఇచ్చే షరతును సంస్థలు అంగీకరిస్తాయా? గింజల తేమను, నాణ్యతను రైతుల ఎదుటే పరీక్షించాలని రాయించుకోవచ్చా? అన్నిటికన్నా ముఖ్యంగా, పంటలో కొంత భాగాన్ని దేశీయ చాక్లెట్ తయారీదారులకు అమ్ముకునే హక్కును ఎలా నిలుపుకోవాలి?