కడపలో 120 మందితో డీలర్ల మీట్: వచ్చేవాళ్లను మూడు దిక్కుల నుంచి టైముకు ఎలా తేవాలి?

సప్తగిరి సర్కిల్
అందరికీ నమస్తే. అనంతపురంలో ఆరేళ్లుగా ఈవెంట్లు చేస్తున్నాను. పెళ్లిళ్లు, కాలేజీ ఫెస్టులు, షాపు ఓపెనింగులు. అన్నీ ఊళ్లోనే, మహా అయితే ధర్మవరం, హిందూపురం దాకా. మొదటిసారి కడపలో పని దొరికింది. ఒక పెయింట్ల కంపెనీ డీలర్ల మీట్. మొదటి రోజు హోటల్లో మీటింగు, సన్మానాలు, రాత్రి లాన్‌లో డిన్నరు. రెండో రోజు గండికోట. హైదరాబాద్ నుంచి 40 మంది, బెంగళూరు నుంచి 30, చెన్నై నుంచి 15, మిగతావాళ్లు మన జిల్లాల వాళ్లే. ఆషాఢం కాబట్టి హోటల్ చవగ్గా కుదిరింది.

స్టేజీ, సౌండు నాకు కొత్త కాదు. ఇంతమందిని పదిన్నరకల్లా తెచ్చి కుర్చీల్లో కూర్చోబెట్టడమే తలకెక్కడం లేదు. ఫ్లైటా, రైలా, బస్సా? చేసినవాళ్లు చెప్పండి.

ఏడురోడ్లు
తమ్ముడూ, ముందు ఫ్లైట్ మీద ఆశ తగ్గించుకో. కడపలో 2015 నుంచి ఎయిర్‌పోర్ట్ ఉంది, కాదనను. కానీ వచ్చేవి చిన్న ఏటీఆర్ విమానాలు. ఏ ఊరికి ఏ రోజు ఉందన్నది మారుతూ ఉంటుంది. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లకు మించి నేను దాని మీద పెట్టుకోను. పెట్టుకున్నా, రేణిగుంటలో (తిరుపతి ఎయిర్‌పోర్ట్) దిగితే తీసుకురావడానికి ఒక కారు మాట్లాడి ఉంచుతాను. ఆ కారుకు ఇచ్చే అడ్వాన్స్ ఇన్సూరెన్స్ అనుకో.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఒకసారి ముఖ్య అతిథి ఎక్కాల్సిన ఫ్లైట్ క్యాన్సిల్ అయింది. పదకొండుకు జ్యోతి వెలిగించాల్సిన మనిషి నాలుగుకు దిగాడు. కుందిలో నూనె పోసి, వత్తులు వేసి, పక్కన అగ్గిపెట్టె పెట్టుకుని ఐదు గంటలు కూర్చున్నాం. మధ్యలో ఫ్యాన్ గాలికి ఒక వత్తి నూనెలో పడిపోయింది. యాంకర్ దగ్గర ఉన్న జోకులన్నీ అయిపోయి, సభలోని వాళ్లనే పాటలు పాడమని అడిగే దాకా వచ్చింది. అప్పటి నుంచి నా ప్రోగ్రాం షీట్‌లో ముఖ్య అతిథి భోజనం తర్వాతే.

హైదరాబాద్ వాళ్లకు రైలు పెట్టు. కాచిగూడలో రాత్రి వెంకటాద్రి ఎక్కితే కర్నూలు, గుత్తి, తాడిపత్రి మీదుగా తెల్లవారుజామున కడపలో దింపుతుంది. బుకింగ్ 60 రోజుల ముందే తెరుస్తారు, ఒక టికెట్టుకు ఆరుగురే. నలభై మందంటే ఏడు టికెట్లు. డీలర్ల పేర్లు ఆధార్‌లో ఒకలా, విజిటింగ్ కార్డులో ఒకలా ఉంటాయి. లిస్టు కంపెనీ వాళ్ల దగ్గర కాదు, డీలర్ల దగ్గరే తీసుకో.

దీంట్లో ఒక మెలిక ఉంది. తెల్లవారుజామున దిగినవాళ్లకు రూము కావాలి. పెద్ద హోటళ్లలో మధ్యాహ్నం దాకా చెక్ ఇన్ ఇవ్వరు. ముందు రాత్రి నుంచే డబ్బు కట్టి రూములు తీసుకో, లేదా ఒక లాడ్జిలో పది రూములు స్నానాలకు మాత్రం మాట్లాడు. చాలా లాడ్జీల్లో ఏ టైముకు దిగితే అప్పటి నుంచి 24 గంటల లెక్క. ఈ ఖర్చు ఎస్టిమేట్‌లో లేకపోతే నీ జేబులోంచే పోతుంది.

రాజవిహార్ సెంటర్
కర్నూలు నుంచి. ఫ్లైట్ విషయంలో అన్న చెప్పిందే మాకూ. ఓర్వకల్లు ఎయిర్‌పోర్ట్ 2021లో తెరిచారు, ఊరికి దగ్గరే, నంద్యాల రోడ్డు మీదే. కానీ హైదరాబాద్ వాళ్లను దాని కోసం ఆపకూడదు, నాలుగు గంటల్లో కారులోనే వచ్చేస్తారు.

బెంగళూరు వాళ్ల సంగతి వేరు. కర్నూలు, అనంతపురం ఈవెంట్లయితే కాచిగూడ – యశ్వంతపూర్ వందేభారత్‌ను మించింది లేదు. కర్నూలు సిటీ, అనంతపురం, ధర్మవరంలో ఆగుతుంది. కడప దారిలో లేదు కాబట్టి మీకు ఉపయోగం తక్కువ. అయినా ఎవరినైనా అందులో తెస్తే ఒకటి గుర్తుంచుకోండి. తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి. మేం ఒకసారి కర్నూలులో, పొద్దున హైదరాబాద్ నుంచి వచ్చే బండికి బొకేలతో ఎదురెళ్లాం. ఒక పెద్దాయన పెట్టె అందుకోవడానికని మా అబ్బాయి లోపలికి ఎక్కాడు. తలుపు పడింది. వాడు బొకేతో సహా అనంతపురంలో దిగి, బస్సెక్కి సాయంత్రానికి వచ్చాడు.

ఏడురోడ్లు
హహ్హ. బొకే ఏమైంది?

రాజవిహార్ సెంటర్
రాత్రి సింగర్‌కు ఇచ్చేశాం.

మైకు పట్టిన అక్క
నేను పన్నెండేళ్లుగా యాంకరింగ్, అతిథుల వసతి చూస్తున్నాను. పొద్దుటూరు మాది.

బెంగళూరు వాళ్లను రాత్రి బస్సులో పంపకు నాయనా. రాయచోటి దాటాక గువ్వలచెరువు ఘాట్ ఉంది. మలుపులు, లోడు లారీలు. కొత్త డ్రైవరైతే అసలు వద్దు. పగలు ఎక్కించు, లేదా వాళ్లను ముందు రోజు సాయంత్రానికే దింపేసుకో. గువ్వలచెరువులో పాలకోవా కోసం బస్సు ఆగక మానదు. అరగంట కలిపే టైము రాసుకో. ఆపొద్దని చెప్పినా ఆపుతారు, అదొక శాస్త్రం.

ఇంకోటి, మనవాళ్లు రాయని ఖర్చు: ఆడవాళ్ల గురించి ఆలోచించడం. డీలర్ల మీట్ అంటే అందరూ మగవాళ్లే అనుకుంటారు. షాపు నడిపే ఆడవాళ్లు వస్తారు, హోస్టెస్ పిల్లలు వస్తారు, నేనూ వస్తాను. వేదిక చూడటానికి వెళ్లినప్పుడు స్టేజీ కొలతలు తీసే ముందు బాత్రూం తలుపుకు గడియ పడుతుందో లేదో చూడు. ఒక ఫంక్షన్ హాల్లో గ్రీన్ రూం అని చూపించింది వంటపాత్రల గది. చీర మార్చుకుంటుంటే గరిటె కోసమని వంట మాస్టర్ తలుపు తట్టాడు. రాత్రి ప్రోగ్రాం అయ్యాక ఆ పిల్లలు ఎవరి బండి మీద ఇంటికి పోతున్నారో తెలిసే దాకా నేను కదలను. రూముల్లోనూ అంతే, ఒంటరిగా ఉండే ఆడవాళ్లకు లిఫ్టు దగ్గరి గది, ఫస్ట్ ఫ్లోర్ అని రాయించుకుంటాను.

పది దాటితే సౌండు ఆపెయ్యాలి, గుర్తుందిగా. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ నిషేధం 2000 నాటి రూల్సులోనే ఉంది. లాన్‌లో డిన్నరంటే స్టేషన్‌లో పర్మిషన్ కాగితం తీసుకుని జిరాక్స్ డీజే టేబుల్ మీద పెట్టు. పాటలకు లైసెన్స్ కూడా. పెళ్లికి మినహాయింపు ఉంది, కంపెనీ పార్టీకి లేదు. పెళ్లిళ్లు మాత్రమే చేసినవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

టెంట్ హౌస్ తాత
ఆషాఢంలో లాన్ అన్నావా? స్టేజీ వెనకాల ఫ్లెక్సీ ఎంత?

సప్తగిరి సర్కిల్
40 అడుగులు, ఎత్తు 16. ట్రస్ (మెటల్ ఫ్రేము) మీద.

టెంట్ హౌస్ తాత
పడవ తెరచాప కట్టుకుంటున్నావన్నమాట. మన సీమలో ఆషాఢం గాలి ఎట్లుంటుందో అనంతపురపోడివి నీకు చెప్పాల్నా? గాలిమరలు మీ కొండల మీదే కదప్పా తిరిగేది.

నలభై ఏళ్లుగా షామియానాలు కడుతున్నాను. ఫ్లెక్సీకి అడుగున్నరకొకటి చొప్పున అరచంద్రం ఆకారంలో కోతలు పెట్టించు. గాలి దాంట్లోంచి పోతుంది, ముందు నుంచి కనపడదు. బొమ్మల మొహాల మీద మాత్రం కోయొద్దు. నేనొకసారి ఒక నాయకుడి మీసం మీద కోయించాను, గాలికి మీసం ఎగిరెగిరి పడింది. ఆ బిల్లు ఇప్పటికీ రాలేదు.

ట్రస్ కాళ్లకు ఇసుక మూటలు చాలవు. 200 లీటర్ల డ్రమ్ములు తెప్పించి నీళ్లు నింపు. ఒక్కోటి రెండు క్వింటాళ్లు. కాలుకు ఒకటి, వెనక స్తంభాలకు రెండు. తాడుతో కాదు, బెల్టుతో బిగించు. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఒక మనిషి అక్కడే నిలబడాలి. వాడికి వేరే పని చెప్పొద్దు. ఎల్‌ఈడీ వాల్ అయితే లాన్‌లో పెట్టనే పెట్టొద్దు, హాల్లో పెట్టుకో.

రాజవిహార్ సెంటర్
తాతా, దండం.

పెన్నా గట్టు
గండికోట గురించి ఎవరూ చెప్పలేదు. మాది జమ్మలమడుగు పక్కనే.

సూర్యోదయం చూపిస్తానని కంపెనీకి మాట ఇచ్చి ఉంటే ఇప్పుడే వెనక్కి తీసుకో. కడప నుంచి 80 కిలోమీటర్లు పైమాటే. ఆ టైముకు చేరాలంటే మూడున్నరకు బయల్దేరాలి. రాత్రి డిన్నరు చేసిన డీలర్లు మూడున్నరకు లేస్తారా? నేను ఒకసారి 50 మందిని ఎక్కించుకుపోవాలని మూడింటికి తలుపులు కొట్టాను. వచ్చింది పద్నాలుగు మంది. మిగతావాళ్లు తొమ్మిదికి లేచి, మమ్మల్నెందుకు లేపలేదని గొడవ పెట్టుకున్నారు. ఏడుకు బయల్దేరదీసి, దారిలో ఉగ్గాణి బజ్జి పెట్టించి, పదికల్లా లోయ చూపించు. ఎండ ముదిరేలోపు మసీదు, మాధవరాయస్వామి గుడి తిప్పి వెనక్కి తెచ్చెయ్. లోయ అంచున అన్నిచోట్లా కంచె ఉండదు. సెల్ఫీలు తీసుకునే చోట నీ మనిషిని ఒకడిని నిలబెట్టు.

కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. బ్యానరు కట్టాలన్నా, డ్రోన్ ఎగరేయాలన్నా ముందే అనుమతి కావాలి. కంపెనీ టీషర్టులు వేసుకుని ఫొటో దిగితే చాలదా?

రైల్లో నేరుగా గండికోటకు వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే దగ్గర్లోని ముద్దనూరు స్టేషన్‌లో దించుకోవచ్చు.

ఏడురోడ్లు
భోజనాల మాట. డిన్నర్లో రాగిసంగటి, నాటుకోడి పెట్టమని కంపెనీ వాళ్లు తప్పకుండా అడుగుతారు. పెట్టు, కానీ బఫే డిష్‌లో పెట్టకు. సంగటి ముద్ద పది నిమిషాలు ఆగితే గట్టిపడిపోతుంది. చెన్నై ఆయన ఫోర్కుతో పొడిచి చూసి పక్కకు జరిగిపోతాడు. లైవ్ కౌంటర్ పెట్టి, అక్కడికక్కడే గెలికి ముద్ద చేతికిచ్చే మనిషిని కూర్చోబెట్టు. ఆ రోజు శనివారమా చూసుకో, శనివారమైతే నాన్‌వెజ్ సగానికి పడిపోతుంది.

కోడ్ బాధితుడు
ఎవరూ డబ్బు గురించి మాట్లాడటం లేదు. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు నేను వంటవాళ్లకు, డెకరేషన్ వాళ్లకు ఇవ్వాల్సిన లక్షా ఎనభై వేలు కారులో పెట్టుకుని పోతూ చెక్‌పోస్ట్‌లో దొరికాను. 50 వేలు దాటితే కాగితాలు చూపించాలి. నా దగ్గర ఒక డైరీ తప్ప ఏమీ లేదు. జిల్లాలో దీనికొక కమిటీ ఉంటుంది, కొటేషన్లు, బ్యాంకు స్టేట్‌మెంట్ చూపిస్తే తిరిగి ఇచ్చారు. ఇచ్చేలోపు వంట మాస్టర్ గ్యాస్ ఆపేశాడు. అప్పటి నుంచి అడ్వాన్సులన్నీ ఫోన్‌లోనే.

బ్యాలెన్స్ సంగతి. 50 శాతం ఆర్డరుకు, 40 శాతం లారీ లోడయ్యే ముందు, 10 శాతం తర్వాత. ఆ పది రాదని అనుకునే రేటు వేసుకో. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఉందా? లేకపోతే ఈ రోజే చేయించు, ఫీజు లేదు. చిన్న సంస్థలకు కట్టాల్సిన బిల్లు ఎంతైనా 45 రోజుల్లో కట్టాలని చట్టం ఉంది. 2006 నాటిది. ఉద్యమ్ నంబరు బిల్లు మీద వేయించు. అది కనిపిస్తే పెద్ద కంపెనీల అకౌంట్స్ వాళ్లు కాస్త కదులుతారు.

జీఎస్టీ కూడా. నువ్వు బిల్లు ఇచ్చిన నెల లెక్కలోనే 18 శాతం కట్టాలి. డబ్బు వచ్చిందా రాలేదా అని ఎవరూ అడగరు. ముందు ప్రొఫార్మా పంపు, అంటే అసలు బిల్లుకు ముందు ఇచ్చే లెక్క కాగితం.

సప్తగిరి సర్కిల్
(నెల తర్వాత)
చెప్పినవాళ్లందరికీ దండాలు. ఏం జరిగిందో రాస్తున్నాను.

హైదరాబాద్ 40 మందిలో 36 మంది రైల్లో దిగారు, నలుగురు చెప్పకుండా కారులో వచ్చి వాళ్ల బెర్తులు ఖాళీగా వచ్చాయి. లాడ్జి రూముల్లో స్నానాలు అయ్యాయి. గీజర్లు రెండే పని చేశాయి, అది నేను ముందే చూసుకోవాల్సింది. బెంగళూరు బస్సు గువ్వలచెరువులో అరగంట కాదక్కా, యాభై నిమిషాలు ఆగింది. ఒకాయన ఎనిమిది కిలోల కోవా కొన్నాడు. ముఖ్య అతిథిని మధ్యాహ్నానికి మార్చడం కంపెనీకి నచ్చలేదు కానీ ఆయన ఎట్లాగూ ఆలస్యంగానే వచ్చాడు.

సాయంత్రం ఐదున్నరకు గాలి లేచింది. తాతా, ఫ్లెక్సీ కోతల్లోంచి ఈలలాంటి మోత. పక్కన పార్కింగ్‌లో ఎవరిదో స్వాగత ద్వారం పడిపోయింది. మాది అంగుళం కదల్లేదు. డ్రమ్ముల దగ్గర పెట్టిన కుర్రాడు ఆ రెండు గంటలూ ట్రస్‌ను చేత్తో పట్టుకునే నిలబడ్డాడు, చాలన్నా వదల్లేదు.

గండికోటకు 88 మంది వచ్చారు. సంగటి కౌంటర్ దగ్గర క్యూ. డీజేను పది గంటల ఐదు నిమిషాలకు ఆపాం.

బిల్లు పెట్టి 19 రోజులైంది. చూస్తాం అంటున్నారు.

కోడ్ బాధితుడు
ఇంకో 26 ఉన్నాయి. 30వ రోజు ఒక మెయిల్ పంపు, మర్యాదగా.

ఏడురోడ్లు
తమ్ముడూ, అంతా బాగుంది కానీ నేను మాట్లాడి ఇప్పించిన డ్రమ్ములు ఇంకా హోటల్ వెనకాలే ఉన్నాయంట, నీళ్లతో సహా. వాటి ఓనరు రోజూ నాకు ఫోన్ చేస్తున్నాడు. ఎప్పుడొస్తావు?