ఫిట్స్ వచ్చే అమ్మాయి క్లాసులో ఉంది, స్టాఫ్‌కి ఏం నేర్పాలి?

ప్రశ్న (సోషల్ టీచర్, జడ్పీ హైస్కూల్):
ఈ ఏడాది ఏడో తరగతిలో చేరిన అమ్మాయికి ఫిట్స్ ఉన్నాయని వాళ్ల నాన్న దాచకుండా చెప్పారు. అప్పటి నుంచీ స్టాఫ్‌రూమ్‌లో టెన్షన్. తాళాలగుత్తి దగ్గర పెట్టుకుందామని ఒకరు, ఇంటి దగ్గరే చదివించుకోమందామని ఇంకొకరు. ఆ రెండో మాట నాకు చాలా బాధగా ఉంది. శనివారం హెచ్ఎం గారు గంట టైమిచ్చారు. ఏం చెప్పను?

జవాబు (ఒక అమ్మ):
మేడమ్, మా బాబుకి ఒకటో తరగతి నుంచీ ఫిట్స్. టీచర్లతో పాటు ఆయమ్మనీ, మధ్యాహ్నం వంట చేసే అక్కల్నీ కూర్చోబెట్టండి. మావాడికి స్కూల్లో మొదటిసారి వచ్చింది అన్నాల లైన్లోనే.

తాళాల సంగతి కోప్పడకుండా చెప్పండి. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. అప్పటికి చేతిలో తాళాలుంటాయి కాబట్టి వాటివల్లే తగ్గిందనుకుంటారు. నోట్లో చెంచా పెట్టడం మాత్రం ప్రమాదం, పళ్లు విరుగుతాయి.

ఇంకోటి. ఒక్కోసారి బట్టల్లోనే మూత్రం పోతుంది. స్కూల్లో ఒక జత బట్టలు ఉంచండి, చుట్టూ చేరిన పిల్లల్ని వెంటనే బయటికి పంపండి. మావాడు ఫిట్స్‌కి ఏడవలేదు, అందరూ చూశారని ఏడ్చాడు.

జవాబు (స్టాఫ్ నర్స్):
ముందు గడియారం చూడాలి. తల కింద మెత్తటిది పెట్టి, పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. కాళ్లూ చేతులూ అదిమిపట్టకూడదు. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్లు కూడా పట్టొద్దు. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకుండానే ఇంకోటి మొదలైనా 108కి ఫోన్ చేయాలి. డాక్టర్ మిడాజోలమ్ ముక్కు స్ప్రే (ఫిట్స్ ఆగడానికి ముక్కులో కొట్టే మందు) రాసిచ్చి ఉంటే ఎప్పుడు, ఎన్నిసార్లు కొట్టాలో ఆ చీటీ జిరాక్స్ తీసుకోండి. స్ప్రే ఎక్కడుందో అందరికీ తెలియాలి, తాళం వేసిన బీరువాలో వద్దు.

అన్ని ఫిట్స్‌లోనూ పడిపోరు. పాఠం మధ్యలో కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తూ, పిలిచినా పలకకపోతే పరధ్యానం అనుకుని తిట్టకండి. టైము రాసి ఇంట్లో చెప్పండి, డాక్టర్‌కి అది చాలా ఉపయోగం.

సోషల్ టీచర్:
చాలా థాంక్స్ అండీ. ఆటలు మాన్పించాలా? పీఈటీ సార్ అడుగుతున్నారు.

ఒక అమ్మ:
వద్దండీ, ఆడనివ్వండి! మావాడు కబడ్డీ ఆడతాడు. ఈత, ఎత్తులెక్కడం మాత్రం డాక్టర్ని అడిగాకే, అదీ పక్కన పెద్దవాళ్లుంటేనే. అమ్మాయిని కూడా ఒక మాట అడగండి, క్లాసులో ఎవరికి చెప్పొచ్చో తనే చెబుతుంది.